పాత ఫోన్ చార్జర్‌తో పెన్సిల్ సెల్స్ చార్జర్ చేశా, కరెంట్ సగం కూడా రావట్లేదు

రాగితీగ:
అందరికీ నమస్తే. రెండు డబుల్ ఏ రీచార్జబుల్ సెల్స్ ఉన్నాయి, నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం, మీద 2000 ఎంఏహెచ్ (ఎంత చార్జ్ పడుతుందో చెప్పే అంకె) అని రాసుంది. వీటికి చార్జర్ కొనడం ఎందుకులే అని ఇంట్లో పడున్న 5 వోల్టుల ఫోన్ చార్జర్, ఒక ఎల్ఎం317 (వోల్టేజ్‌ని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ ఐసీ), ఒక 6.2 ఓమ్ రెసిస్టర్ పెట్టి కట్టా. ఆ ఐసీ రెసిస్టర్ మీద నిలబెట్టే 1.25 వోల్టుల్ని 6.2 తో భాగిస్తే 200 మిల్లీఆంపులు రావాలి కదా, మీటర్ పెడితే 70, 80 దగ్గరే ఆగిపోతోంది. సెల్స్ రెండూ సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) ఉన్నాయి. ఐసీ మార్చి చూశా, సోల్డర్ మళ్లీ చేశా, అదే కథ. ఐసీ డూప్లికేటా, నేనేమైనా తప్పు చేశానా?

సోల్డర్‌బాబాయ్:
ఐసీ బానే ఉంది, నీకు వోల్టేజే చాలట్లేదు. చూడు, చార్జ్ అవుతున్నప్పుడు ఒక్కో సెల్ 1.4 దాకా ఉంటుంది, రెండు కలిపి 2.8. రెసిస్టర్ మీద 1.25 నిలబడాలి. ఐసీ తన కోసం ఇంకో 1.7 నుంచి 2 వోల్టులు తినేస్తుంది. కూడితే 6 దాకా వస్తోంది, నువ్విచ్చేది 5. ఇంక అది రెగ్యులేట్ ఏం చేస్తుంది, ఎంత మిగిలితే అంత పంపిస్తుంది.

9 వోల్టుల అడాప్టర్ పెడితే ఇదే సర్క్యూట్ పని చేస్తుంది, కాకపోతే ఐసీలో ఒక వాట్ దాకా వేడికే పోతుంది కాబట్టి చిన్న హీట్ సింక్ (వేడి లాగే లోహపు రేకు) పెట్టాలి, ఆ రేకు ఔట్‌పుట్ కాలుకి కలిసుంటుంది, దేనికీ తగలనివ్వకు. కానీ నువ్వు చవగ్గా అన్నావు కాబట్టి నా సలహా, ఆ ఐసీ పీకేయ్. 5 వోల్టులు, ఒక 10 ఓమ్ రెసిస్టర్, కరెంట్‌ని ఒకవైపే పోనిచ్చే ఒక 1ఎన్5819 డయోడ్, అంతే. డయోడ్ 0.3 తింటుంది, 5 లోంచి 2.8, 0.3 తీసేస్తే 1.9 మిగిలింది, 10 తో భాగిస్తే 190 మిల్లీఆంపులు. నీకు కావాల్సింది అదేగా. ప్లగ్ తీసేశాక సెల్స్ వెనక్కి చార్జర్‌లోకి ఖాళీ కాకుండా కూడా ఆ డయోడే ఆపుతుంది.

పాతరేడియో:
బాబాయ్ చెప్పింది కరెక్టే, రెండు మాటలు కలుపుతా. రెసిస్టర్ లెక్కలో అర వాట్ కూడా రాదు గానీ 2 వాట్లది వేయండి. పాత సెల్ ఒకటి లోపల షార్ట్ అయ్యిందనుకోండి, అప్పుడు 330 మిల్లీఆంపులు దాకా పోతుంది, రెసిస్టర్ మీద ఒక వాట్ దాటుతుంది, అర వాట్‌ది అయితే మాడి వాసనొస్తుంది (నాకు ఎలా తెలుసని అడగకండి).

రెండోది, తొందరపడి రెండు సెల్స్ పారలల్‌లో (ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపి) మాత్రం పెట్టొద్దు. ఈ రకం సెల్ నిండాక వోల్టేజ్ కొంచెం కిందికి జారుతుంది, దాంతో నిండిన సెల్లే ఎక్కువ కరెంట్ లాక్కుంటుంది, ఆకలిగా ఉన్నదానికి తక్కువ పోతుంది.

రాగితీగ:
థాంక్యూ బాబాయ్, పాతరేడియో గారూ. 10 ఓమ్, డయోడ్ వేశా, 190 కి అటూ ఇటూ వస్తోంది, సూపర్. ఇప్పుడు అసలు డౌట్, నిండిందని ఎలా తెలుస్తుంది? నిండాక ఎల్ఈడీ వెలిగి దానంతట అదే ఆగిపోవాలి, ఆర్డుయినో (కోడ్ రాసి నడిపే చిన్న బోర్డ్) ఒకటి ఖాళీగా ఉంది. అలాగే పాత ల్యాప్‌టాప్ ప్యాక్‌లోంచి తీసిన 18650 సెల్స్ కూడా దీనికే పెట్టేయొచ్చా?

జీరో_ఓమ్:
18650 దీనికి పెట్టొద్దు, వద్దంటే వద్దు. అది లిథియం, 4.2 వోల్టుల దగ్గర కచ్చితంగా ఆపాలి, లేకపోతే మంటలే. దానికి టీపీ4056 అనే లిథియం చార్జింగ్ బోర్డ్ దొరుకుతుంది, 4.2 దగ్గర వోల్టేజ్ పట్టి ఉంచి, పెట్టిన కరెంట్‌లో పదో వంతుకి పడిపోయాక అదే ఆపేస్తుంది. ప్రొటెక్షన్ ఉన్న బోర్డే తీసుకో. మామూలుగా దాంట్లో 1.2 కిలో ఓమ్ వేసి 1 ఆంప్‌కి సెట్ చేసుంటుంది, పాత సెల్స్‌కి అది ఎక్కువే, ఆ రెసిస్టర్ మార్చి కరెంట్ తగ్గించుకో.

ఆర్డుయినో ఐడియా నేనూ చేసి దెబ్బతిన్నా బ్రో. నికెల్ సెల్ నిండితే వోల్టేజ్ 5 నుంచి 10 మిల్లీవోల్టులు పడుతుంది, దాన్ని పట్టుకుని ఆపాలి అన్నమాట. ఆర్డుయినో 5 వోల్టుల్ని 1024 మెట్లు చేస్తుంది, అంటే ఒక్కో మెట్టే దాదాపు 4.9 మిల్లీవోల్టులు, పైగా ఆ 5 వోల్టులు కూడా ఫోన్ చార్జర్‌వే కాబట్టి అవే ఊగుతుంటాయి. నాకైతే రాత్రంతా నిండింది, నిండలేదు, నిండింది అని ఎల్ఈడీ కన్నుకొడుతూనే ఉంది.

సోల్డర్‌బాబాయ్:
అసలు 200 మిల్లీఆంపుల దగ్గర ఆ పడిపోవడం కనపడదమ్మా, రీడింగులు ఎంత బాగా తీసినా లాభం లేదు. అది కనపడాలంటే 1 ఆంప్, 2 ఆంపులు పంపాలి, అలా పంపితే వేడి చూసే థర్మిస్టర్ కూడా తప్పదు, ఇంక చవక చార్జర్ ఎక్కడుంది. నెమ్మదిగా చార్జ్ చేయడంలో ఉన్న సుఖం ఏంటంటే రెండు గంటలు ఎక్కువైనా సెల్ తట్టుకుంటుంది. లెక్కకి, 2000 ని 200 తో భాగిస్తే, 10 గంటలు చాలు గానీ కొంత వేడికి పోతుంది కాబట్టి 14 నుంచి 16 గంటలు పెట్టాలి. ఆ ఆర్డుయినోతో టైమర్ చేయి, 15 గంటలయ్యాక రిలే (ఆర్డుయినో నడిపే స్విచ్) ఆఫ్, ఎల్ఈడీ ఆన్. వోల్టేజ్ జోలికే పోకు.

రాగితీగ:
సగం ఉన్న సెల్ పెడితే మరి? 15 గంటలూ తోస్తూనే ఉంటుంది కదా.

పాతరేడియో:
తోస్తుంది. ఒకసారికి ఏం కాదు, రోజూ అదే పని అయితే సెల్ ఆయుష్షు తగ్గుతుంది. నేనైతే టార్చ్‌లో వేసి కాంతి బాగా తగ్గేదాకా వాడి అప్పుడు పెడతా, అలాగని పూర్తిగా ఆరిపోయేదాకా వదిలేయొద్దు, సెల్ 1 వోల్ట్ దగ్గరికొస్తే ఖాళీ కిందే లెక్క. మధ్యలో ఒకసారి వేలు పెట్టి చూడండి, గోరువెచ్చగా ఉంటే ఓకే, చేత్తో పట్టుకోలేకపోతే టైమర్‌తో పని లేకుండా పీకేయండి.

రాగితీగ:
ఓకే, రిలే ఉంది, ఈ రాత్రికి కోడ్ రాసేస్తా. మధ్యలో కరెంట్ పోతే టైమర్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుందని ఇప్పుడే గుర్తొచ్చింది, ప్రతి పది నిమిషాలకి టైమ్ ఈఈప్రామ్‌లో (కరెంట్ పోయినా చెరిగిపోని మెమరీ) సేవ్ చేస్తా. పని చేస్తే ఫొటో పెడతా.