దేవుణ్ణి తల్లితో పోల్చి ప్రార్థించవచ్చా?

ప్రశ్న: స్త్రీల కూడికకు ప్రార్థన రాయాలండీ. దేవుణ్ణి తల్లిగా పోల్చే మాటలు వాడొచ్చా? బాప్తిస్మంలో చెప్పే ‘తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున’ అనే మాటల్లో కూడా ‘తండ్రి’ మార్చొచ్చా?

జవాబు 1: నిరభ్యంతరంగా వాడండి, బైబిల్లోనే ఉన్నాయి. యెషయా 42:14లో దేవుడు ప్రసవవేదన పడే స్త్రీలా కేక వేస్తాడు, 66:13లో తల్లిలా ఓదారుస్తాడు. లూకా 15లో దీపం వెలిగించి, ఇల్లు ఊడ్చి, పోయిన నాణెం వెదికే ఆవిడ కూడా దేవుడికి పోలికే. ఆమె కథకు ముందే ఉన్న, తప్పిపోయిన గొర్రెను వెదికే కాపరి మీదే ప్రసంగాలన్నీ! ఇది పితృస్వామ్యం చేసిన ఎంపిక. ఒక్క ప్రార్థనలో పోలికలన్నీ గుప్పించకండి, వినేవాళ్లకు ఏదీ నిలవదు. ఒకటి తీసుకుని చివరిదాకా నడపండి.

జవాబు 2: బాప్తిస్మంలో మాత్రం మార్చకండి. ‘సృష్టికర్త, విమోచకుడు, పవిత్రపరచువాడు’ అంటూ ఇచ్చిన బాప్తిస్మం చెల్లదని 2008లో కాథలిక్ సభ కేంద్రమైన వాటికన్ తేల్చింది. అలా పొందినవాళ్లు మళ్లీ తీసుకోవాల్సిందే. అలాగని దేవుడు మగవాడని కాదు. కాథలిక్ సభ బోధల అధికారిక గ్రంథమైన సత్యోపదేశంలో 239వ పేరా ఆయన పురుషుడూ కాదు, స్త్రీ కూడా కాదంటుంది.

జవాబు 3: మరి 1976లో అదే వాటికన్, క్రీస్తు పురుషుడు కాబట్టి ఆయన స్థానంలో నిలిచే గురువూ (ప్రీస్టూ) పురుషుడే కావాలంది. అసలు చిక్కు అక్కడుంది. ప్రొటెస్టంట్ సంఘమైన సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) ఆ గీత దాటింది: 2013లో నంద్యాలకు ఇ. పుష్పలలిత గారు బిషప్ అయ్యారు.