సెరటోనిన్ కథ నిలబడనప్పుడు డిప్రెషన్ మందులు ఎందుకు వాడాలి?

నీలిమేఘం:
మా అక్కకు డిప్రెషన్. మందు మొదలుపెట్టేటప్పుడు డాక్టరుగారు "మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గింది, షుగర్ ఉన్నవాళ్లకు ఇన్సులిన్ ఎలాగో నీకిది అలాగ" అన్నారు. ఆ మాట మీదే అక్క ఒప్పుకుంది. 2022లో జొవానా మాంక్రీఫ్ బృందం మాలిక్యులర్ సైకియాట్రీ పత్రికలో ఒక పెద్ద సమీక్ష వేసింది. డిప్రెషన్‌కు సెరటోనిన్ తగ్గడమే కారణమనడానికి నిలకడైన ఆధారం లేదని అందులో తేల్చారు. అది చదివినప్పటి నుంచి అక్క "లేని లోటుకు మందెందుకు?" అని మానేస్తానంటోంది. నాకూ ఆమె మాటే సబబనిపిస్తోంది. కారణమే తేలనప్పుడు దాన్ని వైద్యం అనొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

తర్కవేది:
ముందు ఒక మాట. ఈ చర్చ ఎటు పోయినా అక్కగారిని మాత్రం ఒక్కసారిగా మందు ఆపనివ్వకండి.

ఇక మీ ప్రశ్న. మందు ఎందుకు పనిచేస్తుందన్నది ఒకటి, అసలు పనిచేస్తుందా లేదా అన్నది ఇంకొకటి. ఆ సమీక్ష మొదటిదానికి చెప్పే సెరటోనిన్ వివరణనే పరిశీలించింది, రెండోదాని జోలికి పోలేదు. చరిత్ర చూస్తే డిప్రెషన్‌లో మందే ముందొచ్చింది, సిద్ధాంతం తర్వాత వచ్చింది. ఇప్రోనియజిడ్ మొదట క్షయ మందు. 1950లలో అది వాడిన క్షయ రోగుల్లో హుషారు పెరగడం చూసి డిప్రెషన్‌కు వాడి చూశారు. ఇమిప్రమిన్‌ను భ్రమలు కలిగే స్కిజోఫ్రీనియా జబ్బుకు పనికొస్తుందేమోనని పరీక్షించారు. దానికి పనికిరాలేదు గానీ, కుంగిపోయి ఉన్నవాళ్లు తేరుకోవడం రోలాండ్ కూన్ గమనించి 1957లో ప్రచురించాడు. మెదడులోని రసాయనాల లోటే డిప్రెషన్ అన్న ఊహలు ఆ తర్వాత, 1960లలో బలపడ్డాయి. కాబట్టి ఆ ఊహ కూలితే దానితోపాటు మందు కూడా కూలిపోవాలని లేదు.

లిథియం సంగతి చూడండి. ఉన్మాద స్థితిని అది నెమ్మదింపజేస్తుందని జాన్ కేడ్ 1949లో రాశాడు. అది మెదడులో సరిగ్గా ఏం చేస్తుందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అయినా ఉన్మాదం, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్ రోగులను ఆత్మహత్య నుంచి కాపాడటంలో దానికున్నంత ఆధారం మరే మందుకూ లేదు.

సూటిమాట:
తర్కవేది గారూ, చరిత్ర బాగుంది. అసలు ప్రశ్న దాటేశారు. పనిచేస్తుంది సరే, ఎంత పనిచేస్తుంది? డిప్రెషన్ తీవ్రతను కొలిచే హామిల్టన్ స్కేలు మీద గరిష్ఠం 52 పాయింట్లు. మందుకూ, మందేమీ లేని ఉత్తుత్తి మాత్రకూ మధ్య సగటు తేడా 2 పాయింట్ల చుట్టుపక్కలే ఉంటుంది. సైకాలజిస్టు అర్వింగ్ కిర్ష్ 2008లోనే ఈ లెక్క బయటపెట్టాడు. ఈ కాస్త తేడా కోసం ఏళ్ల తరబడి నిద్ర పాడు, బరువు, లైంగిక సమస్యలు భరించాలా? పైగా ఆ సెరటోనిన్ కథను ఇంటింటికీ చేర్చింది మందుల కంపెనీల ప్రకటనలే. రుజువు కాని మాట చెప్పి తీసుకున్న ఒప్పుకోలు ఒప్పుకోలే కాదు. అక్కగారి కోపం నూటికి నూరుపాళ్లు న్యాయం.

తర్కవేది:
ఒప్పుకోలు విషయంలో మీతో నాకు పేచీ లేదు. అసంపూర్ణమైన ఊహను నిర్ధారణ అయిన నిజంలా చెప్పడం తప్పే.

2 పాయింట్ల విషయంలో మాత్రం ఉంది. 2018లో లాన్సెట్‌లో వచ్చిన సిప్రియాని విశ్లేషణ 522 ట్రయల్స్‌నూ 1,16,477 మందినీ కలిపి చూసింది. 21 మందుల్లో ప్రతి ఒక్కటీ ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగని తేలింది. తేడా పెద్దది కాదు, నిజమే. కానీ ట్రయల్‌లో ఉత్తుత్తి మాత్ర వేసుకున్న మనిషిని ఏమీ చేయకుండా వదిలేశారనుకోకండి. వారం వారం ఎవరో ఒకరు కూర్చోబెట్టి "ఎలా ఉన్నావ్? నిద్ర పట్టిందా?" అని అడుగుతారు. అదీ వైద్యమే. మందు చూపే తేడా దాని పైన అదనం.

గడపమీద:
దయచేసి ఈ వాదనను డిప్రెషన్ దగ్గరే ఆపండి. మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా. "మానసిక జబ్బుల మందులన్నీ బూటకం" అని ఎవరో చెప్పింది విని వాడు మాత్రలు పక్కన పెట్టేశాడు. మళ్లీ మామూలు మనిషి కావడానికి ఎంత కాలం పట్టిందో మా ఇంట్లోవాళ్లకే తెలుసు. ఇప్పుడు క్లోజపిన్ అనే మందు మీద ఉన్నాడు. తెల్ల రక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉంది కనుక క్రమం తప్పకుండా రక్తపరీక్షలు చేయిస్తాం. కష్టమే. కానీ వాడు మాతో కలిసి అన్నం తింటున్నాడు, మాట్లాడుతున్నాడు.

మాటసాయం:
నేను సైకాలజిస్టును. మందుల చీటీ రాయను, థెరపీ చేస్తాను. ఇంతసేపూ ఇక్కడ ఎవరూ డిప్రెషన్ ఎంత తీవ్రంగా ఉందని అడగలేదు. ఆశ్చర్యంగా ఉంది. నిర్ణయమంతా దాని మీదే కదా ఆధారపడేది!

స్వల్ప స్థాయి డిప్రెషన్‌కు మందుతో మొదలుపెట్టడం మామూలు పద్ధతి కాకూడదని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలే చెబుతున్నాయి. అక్కడ థెరపీ ముందు. ఆరన్ బెక్ 1960లలో రూపుదిద్దిన కాగ్నిటివ్ థెరపీలో "నేనెందుకూ పనికిరాను" లాంటి ఆలోచనను కాగితం మీద పెట్టి, దానికి సాక్ష్యమేమిటో రోగే వెతికేలా చేస్తాం. ఇంకో పద్ధతిలో మనసు బాగుపడ్డాక పని చేద్దామని ఆగకుండా, రోజుకో చిన్న పని ముందే రాసుకుని చేయిస్తాం. అలా నేర్చుకున్నది థెరపీ ఆగాక కూడా చాలామందికి అక్కరకొస్తుంది.

అలాగని, మంచం దిగలేని మనిషికి, చావు తప్ప దారి కనిపించని మనిషికి నేను కాగితం, పెన్సిల్ ఇచ్చి కూర్చోబెట్టలేను. నా దగ్గరకొచ్చిన కొందరు మందు వల్ల కాస్త నిద్ర, కాస్త ఓపిక వచ్చాకే నా మాట వినే స్థితికి చేరారు. ఒక మోస్తరు నుంచి తీవ్రమైన డిప్రెషన్‌లో రెండూ కలిపితే ఏ ఒక్కదానికన్నా మేలని చాలా అధ్యయనాలు చూపాయి. "మందా, మాటా?" అని ఒకదాన్నే ఎంచుకోమనడం రోగికి చేసే అన్యాయం.

సూటిమాట:
థెరపీ దొరికేది ఎంతమందికండీ? డాక్టరు అయిదు నిమిషాలు చూసి చీటీ రాసేస్తారు. ఎప్పుడు ఆపాలో, ఎలా ఆపాలో ఆ చీటీలో ఉండదు.

నెమ్మదినెమ్మది:
ఆ ప్రశ్నకే వస్తున్నాను. మానేయడం గురించి నేనెక్కువ చదివాను, నాకు అవసరమై.

2021లో వచ్చిన యాంట్లర్ ట్రయల్‌లో, ఏళ్లుగా మందు వాడుతూ బాగున్న 478 మందిని రెండు గుంపులు చేశారు. ఏడాదిలో డిప్రెషన్ తిరగబెట్టింది మందు కొనసాగించినవాళ్లలో 39 శాతం మందికి, మానేసినవాళ్లలో 56 శాతం మందికి. అంటే మానడంలో ప్రమాదముంది, కానీ మానినవాళ్లలో 44 శాతం మంది ఏడాదంతా బాగానే ఉన్నారు. రెండూ నిజాలే.

మానేటప్పుడు తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టుండటం, నిద్రలేమి, చిరాకు రావచ్చు. వీటిని జబ్బు తిరగబెట్టిందని పొరబడేవాళ్లు చాలామంది. మామూలుగా ఇవి డోసు తగ్గించిన కొద్దిరోజుల్లోనే మొదలవుతాయి, డిప్రెషన్ తిరగబెట్టడానికి ఇంకా సమయం పడుతుంది. డిప్రెషన్ మందుల్లో పారాక్సెటిన్ ఒంట్లోంచి త్వరగా పోతుంది కనుక ఇబ్బంది ఎక్కువ, ఫ్లూయాక్సెటిన్ వారాల తరబడి ఉంటుంది కనుక తక్కువ.

2019లో హొరోవిట్జ్, టేలర్ అనే పరిశోధకులు లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో చెప్పినదేమిటంటే, చిన్న డోసే మెదడులో సెరటోనిన్‌ను తిరిగి కణాల్లోకి లాగే సెరటోనిన్ ట్రాన్స్‌పోర్టర్లలో ఎక్కువ భాగాన్ని ఆక్రమిస్తుంది. అందుకే 20 మిల్లీగ్రాముల నుంచి 10కి దిగడం కన్నా 5 నుంచి సున్నాకు దిగడమే కష్టం. చివర్లో మెట్లు ఇంకా చిన్నవిగా ఉండాలి. నీలిమేఘం గారూ, మీరు చెప్పిన 2022 సమీక్ష రాసినవాళ్లలో ఈ హొరోవిట్జ్ కూడా ఉన్నాడు. మందును గట్టిగా ప్రశ్నించినవాడే నెమ్మదిగా ఆపమంటున్నాడు.

నీలిమేఘం:
అందరికీ కృతజ్ఞతలు. ఇదంతా అక్కకు చదివి వినిపించాను. "ఈ సంగతులు నాకు మొదట్లోనే చెప్పొచ్చు కదా" అంది, ఇంకా కోపంగానే ఉంది. ప్రస్తుతానికి మందు ఆపడం లేదు. ఆమెది పారాక్సెటిన్. తను కోలుకుని ఎంత కాలమైందో, ఇంకెంత కాలం వాడాలో, తగ్గిస్తే ఏ మెట్లలో తగ్గించాలో డాక్టరునే అడుగుతుందట. బిళ్లను సగానికి విరవడం కన్నా చిన్న మెట్లు ఎలా కుదురుతాయి?

నెమ్మదినెమ్మది:
కొన్ని మందులు ద్రవరూపంలో కూడా వస్తాయి, కొలిచి తగ్గించుకోవచ్చు. అది దొరుకుతుందా అని డాక్టరును అడగమనండి. నెమ్మదిగా కరిగేలా పూత వేసిన బిళ్ల అయితే సొంతంగా విరవొద్దు. మందు మొదలుపెట్టినా, డోసు మార్చినా మొదటి వారాల్లో ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి. పాతికేళ్ల లోపువాళ్ల విషయంలో మరీ జాగ్రత్త, ఆ వయసులో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని అమెరికా నియంత్రణ సంస్థ మందు వివరాల్లోనే హెచ్చరిక పెట్టించింది.

సూటిమాట:
డాక్టరు ఈ ప్రశ్నలకు విసుక్కుంటే ఇంకో డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. నా అభిప్రాయం మారలేదు, కానీ అక్కగారు అడగబోయేవి సరైన ప్రశ్నలు.