డబ్బా సూపు పోసి చేసిన క్యాసరోల్ ఇంటి వంటేనా?

డల్లాస్_గోంగూర: థాంక్స్‌గివింగ్‌కి ఆఫీసు పాట్‌లక్‌లో (తలా ఒక వంటకం తెచ్చే విందు) గ్రీన్ బీన్ క్యాసరోల్ నా వంతుకి వచ్చింది. రెసిపీ చూస్తే బీన్స్, డబ్బా మష్రూమ్ సూపు, పాలు, కాస్త సోయా సాస్, పైన ప్యాకెట్‌లో వచ్చే వేయించిన ఉల్లిపాయలు. అన్నీ కలిపి ఓవెన్‌లో పెట్టడమే. ఇంట్లో చేశానని చెప్పడానికి మొహమాటంగా ఉంది. సూపు మానేసి మొదటినుంచీ నేనే చేస్తే?

పెనం_పొయ్యి: మానేయండి. వెన్న 2 చెంచాలు, మైదా 2 చెంచాలు, కప్పు పాలు. పుట్టగొడుగులు వేయించి అందులో కలపండి. పావుగంట పని. దానికి డబ్బా దేనికండీ?

మిన్నెసోటా_కోడలు: ఈ వంటకం పుట్టిందే డబ్బాలోంచి కదండీ! 1955లో న్యూజెర్సీలోని క్యామ్‌డెన్‌లో, క్యాంప్‌బెల్ సూప్ కంపెనీ వంటశాలలో డోర్కస్ రైలీ, ఆమె తోటివాళ్లు దీన్ని తయారుచేశారు. ఏ ఇంట్లోనైనా ఉండే సరుకులతో అయిపోవాలన్నదే వాళ్ల లెక్క. మా అత్తగారు ఇక్కడివాళ్లే. ఆవిడ చేసే హాట్‌డిష్‌లో (క్యాసరోల్‌కి ఇక్కడి పేరు) అడుగున వేయించిన ఖీమా, మీద మొక్కజొన్న గింజలు, సూపు, ఆ పైన టేటర్ టాట్స్ (బంగాళదుంప తురుముతో చేసి వేయించిన చిన్న ముక్కలు) వరుసగా పేరుస్తారు. వీధిలో ఎవరింట్లో చావైనా, పురుడైనా సాయంత్రానికల్లా ఒక ట్రే వెళ్తుంది. చర్చి విందుల్లోనూ ఇదే, అందుకే ఆ సూపుని సరదాగా 'లూథరన్ బైండర్' అంటారు, అంటే లూథరన్ చర్చివాళ్ల వంటల్ని కలిపి పట్టి ఉంచేదని. అలా పంపేది ఇంటి వంట కాదని ఆవిడ ముందు అనే ధైర్యం నాకైతే లేదు. ఇంకోటి, ఆ సూపులో పిండి ఉంటుంది కాబట్టి ఓవెన్ వేడికి విరగదు. మీరు చెప్పిన వెన్న, మైదా, పాల వైట్ సాస్ చేసే పనే అదీ చేస్తుంది.

పెనం_పొయ్యి: కంపెనీ సరుకు అమ్ముకోవడానికి రాసిన రెసిపీ మూడు తరాలకి సంప్రదాయం అయిపోయిందన్నమాట! సరే, ఉప్పు సంగతేంటి? మామూలు డబ్బాలో అరకప్పుకే 800 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉంటుంది. ఇక్కడి ప్రభుత్వం పెద్దవాళ్లకు చెప్పే పరిమితి రోజు మొత్తానికి 2,300.

కారప్పొడి: మరి మీ అల్లం వెల్లుల్లి పేస్టు రోట్లో నూరిందేనా?

పెనం_పొయ్యి: మిక్సీలోది లెండి. సీసా మాత్రం కొనను.

మిన్నెసోటా_కోడలు: ఉప్పు విషయంలో మీ మాటే ఒప్పుకుంటా. తక్కువ సోడియం డబ్బా తీసుకోండి, విడిగా ఉప్పు అసలు వేయొద్దు. సూపులో, సోయా సాస్‌లో, ఉల్లిపాయల్లో ఉన్నదే ఎక్కువ. బీన్స్ డబ్బావి వద్దు, మెత్తగా పేస్టయిపోతాయి. ఫ్రోజన్‌వి మేలు. 350 ఫారెన్‌హీట్‌లో 25 నిమిషాలు ఉంచి, మిగతా ఉల్లిపాయలు చల్లి ఇంకో 5 నిమిషాలు. ముందే అన్నీ చల్లేస్తే కరకర పోతుంది. శాకాహారులుంటే క్రీమ్ ఆఫ్ చికెన్ డబ్బా పొరపాటున కూడా తేకండి, రెండూ పక్కపక్కనే ఉంటాయి.

డల్లాస్_గోంగూర: సరే, సూపు డబ్బాదే. ఉల్లిపాయలు మాత్రం బిర్యానీకి వేయించినట్టు నేనే వేయిస్తా.

పెనం_పొయ్యి: గంటసేపు మూకుడు దగ్గర నిలబడే పని మీరు పెట్టుకుని, పావుగంట పని డబ్బాకి వదిలేశారా అండీ!