కాన్ఫరెన్స్ మారితే మన డిగ్రీ విలువ మారుతుందా?

ప్రశ్న (టెంపీ, అరిజోనా):
పెద్దలకు నమస్కారం. నేను అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్.లో కొత్తగా చేరాను. మన ఫుట్‌బాల్ జట్టు పాత కాన్ఫరెన్స్‌ను వదిలి వచ్చిందని, కొన్నేళ్ళలో మళ్ళీ మారినా ఆశ్చర్యం లేదని ల్యాబులో అందరూ అంటున్నారు. ఇది విశ్వవిద్యాలయం స్థాయికి సంబంధించిన విషయమా? దయచేసి వివరించగలరు.

జవాబు (ఫీనిక్స్ నుండి):
తమ్ముడూ, కాన్ఫరెన్స్ అనేది ఆటల కోసం కొన్ని విశ్వవిద్యాలయాలు కట్టుకున్న కూటమి. మీ డిగ్రీకి గాని, వీసాకు గాని దానితో సంబంధం లేదు. పేర్లలోని అంకెలనూ నమ్మకండి. బిగ్ టెన్‌లో ఇప్పుడు 18 జట్లు, బిగ్ 12లో 16 జట్లు ఉన్నాయి.

దీనికంతటికీ మూలం టెలివిజన్ సొమ్ము. కళాశాల ఫుట్‌బాల్ ప్రసారాలపై జాతీయ సంఘమైన ఎన్‌సీఏఏకు ఉన్న గుత్తాధిపత్యాన్ని 1984లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసింది. అప్పటి నుండి ప్రసార హక్కులను ఎవరికి వారే అమ్ముకోవచ్చు గనుక, ఎక్కువ ధర పలికే కూటమి వైపు జట్లు మళ్ళసాగాయి. టెక్సస్, ఓక్లహోమా విశ్వవిద్యాలయాలు ఆగ్నేయ రాష్ట్రాల కూటమి అయిన ఎస్ఈసీకి వెళ్తామని 2021లో ప్రకటించాయి. మరుసటి ఏడాది లాస్ ఏంజెలెస్‌లోని రెండు పెద్ద విశ్వవిద్యాలయాలు బిగ్ టెన్ వైపు వెళ్ళాయి. వాటిని పోగొట్టుకున్న పాక్-12కు, అంటే మీ జట్టు పాత కూటమికి, తగిన ప్రసార ఒప్పందం దొరకకపోవడంతో, 2023 వేసవిలో పది రోజులైనా గడవకముందే మరో ఆరు జట్లు తప్పుకున్నాయి. 1978 నుండి అక్కడే ఉన్న మీ విశ్వవిద్యాలయం వాటిలో ఒకటి. అది బిగ్ 12లో చేరింది. అక్కడ ఆడిన తొలి ఏడాదే, అంటే 2024లో, ఆ కూటమి టైటిల్ గెలిచి, జాతీయ ప్లేఆఫ్ క్వార్టర్ ఫైనల్ అయిన పీచ్ బౌల్‌లో టెక్సస్‌తో రెండు ఓవర్‌టైముల దాకా పోరాడి 39-31తో ఓడింది. మీ ల్యాబువారి ఉత్సాహానికి కారణం అదే కావచ్చు.

ఇక ముందు ఏమవుతుందో తెలియాలంటే వదంతులను పక్కన పెట్టి, ప్రసార ఒప్పందాల గడువులు చూడండి. బిగ్ టెన్ ఒప్పందం 2030లో, బిగ్ 12 ఒప్పందం 2031లో ముగుస్తాయి. అట్లాంటిక్ తీరపు కూటమి అయిన ఏసీసీ ఒప్పందం 2036 దాకా ఉన్నా, ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్ వేసిన దావాలు 2025లో రాజీకి వచ్చాక, ఆ కూటమిని వదిలి వెళ్ళేందుకు కట్టవలసిన సొమ్ము ఏటా తగ్గుతూ, 16.5 కోట్ల డాలర్ల నుండి 2030-31 నాటికి 7.5 కోట్లకు దిగుతుంది. పైగా 2025 జూలై నుండి ఒక్కో విశ్వవిద్యాలయం క్రీడాకారులకు నేరుగా చెల్లించవచ్చు; 2025-26లో దాని పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఆ భారం మోయలేనివారికి పెద్ద కూటమి తప్ప దారి కనబడదు. తదుపరి కుదుపు 2030 ప్రాంతంలో వస్తుందని, ఏసీసీ నుండే మొదలవుతుందని నా అంచనా.

జవాబు (సియాటిల్ నుండి):
పైవారి లెక్క సరైనదే గాని, ఒక సంగతి చేర్చాలి. పసిఫిక్ ఒడ్డున ఉన్న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ నేడు అట్లాంటిక్ తీరం పేరు పెట్టుకున్న కూటమిలో ఆడుతున్నాయి. వారానికి ఒక్క ఆట ఆడే ఫుట్‌బాల్ జట్టుకు ఈ దూరం సరే. వాలీబాల్, సాఫ్ట్‌బాల్ ఆడే విద్యార్థుల చదువు మాటేమిటి? ఫుట్‌బాల్‌ను విడిగా ఉంచి, మిగిలిన ఆటలను ఇరుగుపొరుగు జట్లతోనే ఆడించే రోజు వస్తుందని నేననుకుంటున్నాను. వాషింగ్టన్ స్టేట్‌లోనో, ఓరెగన్ స్టేట్‌లోనో చదివినవారు ఎదురైతే మాత్రం ఈ విషయం సరదాగా కదపకండి. పాక్-12లో చివరికి మిగిలినవి ఆ రెండే.

జవాబు (ఫీనిక్స్ నుండి):
ఫుట్‌బాల్‌ను విడదీయాలంటే కూటములన్నీ ఒప్పుకోవాలి గనుక, 2030లోపు అది జరుగుతుందని నాకు నమ్మకం లేదు. తమ్ముడూ, టూసాన్‌లోని అరిజోనా విశ్వవిద్యాలయం జట్టు కూడా బిగ్ 12కే వచ్చింది కాబట్టి మీ పాత పోటీ మీకు మిగిలింది. ఆ ఆటకు తప్పక వెళ్ళండి. టూసాన్ జట్టువారి ఎరుపు, నీలం రంగుల చొక్కా మాత్రం ఆ రోజు వేసుకోకండి.