సి₀ + సి₁/2 + సి₂/3… కీలో 2047/11, నాకు 2048/11

దేవరకొండ నుంచి, ఇంటర్ సెకండియర్:
అందరికీ నమస్తే. ద్విపద సిద్ధాంతంలో ఒక లెక్క దగ్గర రెండ్రోజులుగా ఆగిపోయాను. ఎన్ = 10 అయితే సి₀ + సి₁/2 + సి₂/3 + … + సి₁₀/11 ఎంత? (సి₀, సి₁… అంటే (1+ఎక్స్)ⁿ విస్తరణలో వచ్చే గుణకాలు.) (1+ఎక్స్)¹⁰ విస్తరణను రెండు వైపులా ఇంటిగ్రేట్ చేసి, ఎక్స్ = 1 పెట్టాను. 2048/11 వచ్చింది. కీలో 2047/11 ఉంది. హాస్టల్లో ఇంకో ఇద్దరికీ నాకొచ్చిందే వచ్చింది. కీ తప్పా?

నల్లగొండ నుంచి, ట్యూషన్ చెప్తాను:
కీ కరెక్టే తమ్ముడూ. ముగ్గురూ ఒకే చోట జారారు.

ఇంటిగ్రేట్ చేశాక నువ్వు రాసింది ఇదే కదా: (1+ఎక్స్)¹¹/11 = సి₀·ఎక్స్ + సి₁·ఎక్స్²/2 + … ఇందులో ఎక్స్ = 0 పెట్టు. కుడి పక్క అంతా సున్నా. ఎడమ పక్క 1/11 మిగిలింది. అంటే ఆ సమీకరణమే తప్పు, స్థిరాంకం రాయడం మరిచిపోయావు. నీకు ఎక్కువొచ్చింది సరిగ్గా ఆ 1/11.

అందుకే ఇలాంటి చోట స్థిరాంకంతో కుస్తీ పట్టకుండా, మొదట్నుంచే 0 నుంచి 1 వరకు అవధులు పెట్టి రాయి. (2¹¹ − 1)/11, అంటే 2047/11 నేరుగా వస్తుంది.

నమ్మకం కుదరకపోతే ఎన్ = 2 తీసుకో. 1 + 2/2 + 1/3 = 7/3. నీ పద్ధతిలో 8/3 వస్తుంది. ఈ చెకింగ్‌కు అర నిమిషం పట్టదు, కీ మీద అనుమానపడే ముందు చేసుకోవాలి.

దేవరకొండ:
అర్థమైంది అన్నా. మరి సి₀ − సి₁/2 + సి₂/3 − … అని గుర్తులు మారుతుంటే?

నల్లగొండ:
అదే విస్తరణ, అవధులే మారతాయి. −1 నుంచి 0 వరకు ఇంటిగ్రేట్ చెయ్యి. ఎడమ పక్క 1/11 ఒక్కటే మిగులుతుంది, అదే జవాబు. కింద 2, 3, 4 కనిపిస్తే ఇంటిగ్రేషన్, పైన 1, 2, 3 గుణకాలుగా ఉంటే డిఫరెన్షియేషన్. సి₁ + 2సి₂ + 3సి₃ + … + 10సి₁₀ ఉందనుకో, ఒకసారి డిఫరెన్షియేట్ చేసి ఎక్స్ = 1 పెడితే 10·2⁹ = 5120.

మహబూబ్‌నగర్ నుంచి, రిటైర్డ్ లెక్చరర్:
ఒక మాట. 5120 కోసం కాలిక్యులస్ అక్కర్లేదు బాబూ. మొత్తాన్ని ఒకసారి వరసగా, కింద ఇంకోసారి తిరగేసి రాసి కూడితే ప్రతి గుణకం ముందూ 10 వస్తుంది. 10·2¹⁰లో సగం, అంతే. 2ఎ పేపర్లో ఇలాగే రాస్తే చదివే వాళ్లకూ హాయి. కాలిక్యులస్ బాగా పనికొచ్చేది 1²·సి₁ + 2²·సి₂ + 3²·సి₃ + … లాంటి వాటికి. అక్కడ తిరగేస్తే పని జరగదు.

నల్లగొండ:
సార్ చెప్పింది నిజమే. ఆ వర్గాల లెక్కలో చాలామంది వరుసగా రెండుసార్లు డిఫరెన్షియేట్ చేస్తారు. అప్పుడు 2² బదులు 2×1, 3² బదులు 3×2 వస్తాయి. మొదటిసారి చేశాక మొత్తాన్ని ఎక్స్‌తో గుణించి, అప్పుడు రెండోసారి చెయ్యాలి. తమ్ముడూ, ఎన్ = 10కి చేసి పెట్టు, చూస్తాను.

ఇంకొకటి. ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు గానీ నోరు తిరగదు) మ్యాథ్స్‌వే 80 ప్రశ్నలు, మొత్తం 160కి 180 నిమిషాలు. అక్కడ ఆప్షన్లలో ఎన్ = 2 పెట్టి చూసుకో. ఎన్ = 1 మాత్రం వద్దు, ఎన్·2ⁿ⁻¹కూ ఎన్²కూ అక్కడ తేడా ఉండదు, రెండూ 1 అవుతాయి.

మహబూబ్‌నగర్:
అట్లయితే 2 కూడా వద్దు బాబూ. అక్కడా రెండూ 4 అవుతాయి. 3 పెట్టమను.

నల్లగొండ:
దొరికిపోయాను సార్. 3కి 12, 9 వస్తాయి. 3 పెట్టు తమ్ముడూ.

దేవరకొండ:
28160 వచ్చింది అన్నా. ఎక్స్‌తో గుణించకుండా చేస్తే 23040 వచ్చింది, తేడా సరిగ్గా 5120. ఎన్ = 3 పెట్టి కూడా చూశాను, 3 + 12 + 9 = 24, ఎన్(ఎన్+1)·2ⁿ⁻² సూత్రంతోనూ 24.