అప్‌డేట్: 4294967297 ప్రధాన సంఖ్య కాదు!

పోయిన వారం మా అమ్మాయి లెక్క గురించి అడిగాను కదా, 4294967297, అంటే 2 ఘాతం 32 ప్లస్ 1, ప్రధాన సంఖ్యేనా అని. 400 దాకా భాగించి చూసి ఆగిపోయాం. విజయనగరం గంటస్తంభం దగ్గర కొన్న లాంగ్ నోట్‌బుక్కు సగం నిండిపోయింది.

మీలో ఒకరు చెప్పిన కిటుకే పనిచేసింది. దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 64తో భాగిస్తే శేషం 1 రావాలట. అలాంటివి వరసగా 193, 257, 449, 577, 641. ఐదోదానికే తెగింది! 641 × 6700417. ఫెర్మా అనే గణితవేత్త ప్రధానమే అనుకున్న ఈ సంఖ్యను ఆయిలర్ అనే మరో గణితవేత్త 1732లో విడగొట్టాడు.

6700417 మిగిలింది. దానికీ అదే నియమం, దాని వర్గమూలం సుమారు 2588 కాబట్టి అక్కడిదాకా చూస్తే చాలు. 641 కంటే చిన్నవి ముందే తేలిపోయాయి కాబట్టి, 641తో కలిపి ఏడే సంఖ్యలు. రాత్రి అన్నం తిన్నాక ఇద్దరం కూర్చుని చేశాం, ఒక్కటీ భాగించలేదు. అది ప్రధానమే. చెప్పినవారికి మా అమ్మాయి ప్రత్యేకంగా థ్యాంక్స్ చెప్పమంది.