కాలి రక్తనాళంలో బ్లాక్: బెలూన్ వేయించాలా, కొన్నాళ్లు ఆగొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. చాలాకాలంగా షుగర్ ఉంది, సిగరెట్ ఇంకా పూర్తిగా మానలేదు. కొంచెం దూరం నడిచేసరికి కుడి పిక్క పట్టేస్తోంది, ఆగితే సర్దుకుంటోంది. డాప్లర్‌లో (రక్తప్రవాహం చూసే స్కాన్) తొడ రక్తనాళం మూసుకుపోయిందని వచ్చింది. ఏబీఐ 0.6 అట. కోత లేకుండా బెలూన్‌తో తెరుస్తాం, అవసరమైతే స్టెంట్ వేస్తాం అన్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. వెంటనే చేయించాలా?

జవాబు: నేను ఇలాంటి బెలూన్, స్టెంట్ ప్రొసీజర్లు చేసే క్యాథ్ ల్యాబ్‌లో నర్సునండీ. నిర్ణయం మీ డాక్టర్‌గారిదే, నాకు తెలిసింది చెప్తాను. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చేదే ఏబీఐ. 0.9 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే అడ్డు ఉన్నట్టే. అయితే షుగర్ ఉన్నవాళ్లకి నాళాల్లో సున్నం పేరుకుని గట్టిపడతాయి, అప్పుడు ఈ అంకె ఉన్నదానికంటే బాగున్నట్టు కనిపిస్తుంది. బొటనవేలి బీపీ కూడా చూడమని అడగండి.

నడిస్తేనే నొప్పి అయితే తొందరేమీ లేదు. ముందు సిగరెట్ మానాలి. కొలెస్ట్రాల్‌కి స్టాటిన్, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్ వాడతారు. వీటితో పాటు నడక. నొప్పి పెట్టేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడవాలి. అలా వారానికి మూడుసార్లు, 30 నుంచి 45 నిమిషాలు, కనీసం 12 వారాలు. నొప్పి వస్తే కాలు పాడవుతుందేమోనని కూర్చుండిపోతారు చాలామంది, ఆ భయం అక్కర్లేదు.

కానీ ఇదంతా పాదం బాగుంటేనే. పాదం మీద పుండు ఏమైనా ఉందా? రాత్రి పడుకున్నాక నొప్పి వస్తోందా?

ప్రశ్న అడిగినవారు: ఉంది సిస్టర్. చిటికెన వేలి పక్కన చిన్న పుండు, చెప్పు ఒరుసుకుందనుకున్నాం. వారాలు గడిచినా మానలేదు. రాత్రిళ్లు పాదం మండుతోందని కాలు మంచం కిందికి వేలాడేసుకుని కూర్చుంటున్నారు.

జవాబు (నర్సు): అయితే నడక సంగతి ప్రస్తుతానికి వదిలేయండి. కాలు కిందికి దించితే హాయిగా ఉందంటే, పడుకున్నప్పుడు పాదానికి రక్తం చాలట్లేదన్నమాట. నెలలు ఆగే పరిస్థితి కాదు, ఈ రెండు విషయాలూ రేపే డాక్టర్‌గారికి చెప్పండి. పుండుని మీరే గోకడం, కోయడం చెయ్యొద్దు.

ప్రొసీజర్ గురించి: సాధారణంగా గజ్జ దగ్గర మత్తు సూది వేస్తారు, మనిషి మెలకువగానే ఉంటారు. సన్న గొట్టం పెట్టి రంగు మందు ఎక్కిస్తే కాలంతా వేడి పాకినట్టు ఉంటుంది. అసలు కష్టం తీగని బ్లాక్ దాటించడంలోనే. అది దాటితే బెలూన్ ఉబ్బించి కాసేపు అలాగే ఉంచుతారు. ఆ సమయంలో లాగినట్టు ఉండటం మామూలే, భరించలేని నొప్పి వస్తే మాత్రం వెంటనే చెప్పాలి. మోకాలి వెనక కాలు మడత పడి స్టెంట్ విరగొచ్చు కాబట్టి అక్కడ వీలైనంతవరకు వెయ్యరు.

ఇంకో సభ్యుడు: మందు పూసిన బెలూన్లతో ప్రాణాపాయం అని చదివాను, నిజమేనా?

జవాబు (వాస్కులర్ సర్జన్): 2018లో వచ్చిన ఒక విశ్లేషణ వల్ల, ఆ బెలూన్లకి పూసే పాక్లిటాక్సెల్ అనే మందు మీద ఆ అనుమానం మొదలైంది. ఆ తర్వాత మరింత సమాచారం పరిశీలించి, మరణాలు పెరుగుతున్నట్టు ఆధారం లేదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023లో తేల్చింది.

కోత లేదు కాబట్టి బెలూనే మంచిదని మాత్రం అనుకోకండి. పాదానికే ముప్పు వచ్చినవాళ్ల మీద రెండు పెద్ద ట్రయల్స్ జరిగాయి. 2022లో వచ్చిన బెస్ట్-సీఎల్ఐలో, కాలి సిర బాగున్నవాళ్లకి బైపాస్ (ఆ సిరతో బ్లాక్ పక్కనుంచి రక్తానికి కొత్త దారి వేసే ఆపరేషన్) మేలని తేలింది. 2023లో వచ్చిన బేసిల్-2లో, మోకాలి కింద నాళాలకి బెలూన్‌తో మొదలుపెట్టడమే మేలని తేలింది. అంటే బ్లాక్ ఎక్కడుంది, సిర ఎలా ఉంది అన్నదాన్నిబట్టి ఉంటుంది. ఈ రెండు ప్రశ్నలూ మీ డాక్టర్‌ని సూటిగా అడగండి. అన్నట్టు, నాళాన్ని లోపలి నుంచి తెరిచే ఈ పద్ధతి పుట్టిందే కాలి కోసం. కాలు తీయించుకోనని పట్టుబట్టిన 82 ఏళ్ల ఆవిడకి 1964లో అమెరికా డాక్టర్ చార్లెస్ డాటర్ మొదటిసారి చేశాడు, అప్పట్లో బెలూన్ లేకుండా గొట్టాలతోనే.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు డాక్టర్‌గారూ. ముందూ తర్వాతా మేం ఏం చూసుకోవాలి?

జవాబు (నర్సు): రంగు మందు కిడ్నీల మీద భారం కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించండి. షుగర్ మందు మెట్‌ఫార్మిన్, రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు. అయ్యాక వాళ్లు చెప్పినన్ని గంటలు కాలు మడవకుండా పడుకోవాలి. గజ్జ దగ్గర ఉబ్బినా, రక్తం కారినా అరచేత్తో గట్టిగా నొక్కిపెట్టి సిబ్బందిని పిలవండి. తెరిచిన నాళం మళ్లీ సన్నబడొచ్చు, అందుకే ఇచ్చిన మందులు, తర్వాతి డాప్లర్ రెండూ మానకూడదు. ఇంటికొచ్చాక ఎప్పుడైనా పాదం ఉన్నట్టుండి చల్లబడి, తెల్లబడి, తిమ్మిరెక్కితే తెల్లారేదాకా చూడొద్దు, అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.